మేనల్లుడు లండన్‌లో బట్టల బ్రాండ్ పెడతానంటున్నాడు, వాళ్ళ నాన్న డబ్బు పెట్టొచ్చా?

మీరు అడిగింది ఇదీ: మేనల్లుడికి 18 ఏళ్ళు, డిగ్రీకి లండన్ వెళ్తున్నాడు, అక్కడ సొంత బట్టల బ్రాండ్ మొదలుపెడతానంటున్నాడు, మీ బావగారు 50 లక్షలు తీసి సిద్ధంగా ఉంచారు, ఇలాంటివి నిలబడతాయా అని. నిలబడనిది ఒకటి నేను దగ్గరుండి చూశాను. ఆ సరుకు కుట్టించింది నేనే.

నాది శ్రీకాకుళం. తిరుపూరులో కొన్నేళ్ళు మర్చండైజర్‌గా (బట్టల ఆర్డర్లు దగ్గరుండి కుట్టించి పంపే పని) చేసి, తిరిగొచ్చి ఇక్కడే చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాను. నేను చెప్పే కుటుంబానిది టెక్కలి వైపు గ్రానైట్ వ్యాపారం. పేర్లు వద్దు, పెద్దాయన్ని బాబుగారు అంటాను, ఎలాగూ అందరం అలాగే పిలుస్తాం. వాళ్ళబ్బాయి కూడా మీ వాడిలాగే 18 ఏళ్ళప్పుడు లండన్ వెళ్ళాడు. పొందూరు ఖాదీతో వదులు వదులుగా ఓవర్‌సైజ్ చొక్కాలు కుట్టించి అక్కడి కుర్రాళ్ళకి అమ్మాలని వాడి ఆశ. ఆలోచన మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.

నా దగ్గరికి వచ్చినప్పుడు బాబుగారు అన్న మాట: "ఏటి మాస్టారూ, రాళ్ళు అమ్మినోళ్ళం, గుడ్డలు అమ్మలేమా?" ఆయన ధీమాకి కారణం ఉంది. విదేశాలకి సరుకు పంపడం ఆయనకి కొత్త కాదు. కానీ గ్రానైట్‌లో కొనేవాడు క్వారీకి వచ్చి, బ్లాకు చుట్టూ తిరిగి చూసి, మార్కు పెట్టి, అడ్వాన్సు ఇచ్చి పోతాడు. ఓడెక్కిన రాయి వెనక్కి రాదు. బట్ట వస్తుంది. బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నది చేతికందాక 14 రోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండా వద్దనొచ్చు, వెనక్కి పంపడానికి ఇంకో 14 రోజులు ఉంటాయి. అమ్మినవాడు వస్తువు ఖరీదుతో పాటు మొదట తీసుకున్న మామూలు డెలివరీ ఖర్చు కూడా తిరిగివ్వాలి. ఇది నేను ముందే చెప్పాను. "మన సరుకు ఎవడు వద్దంటాడు" అని ఆయన నవ్వేశారు.

ఇక గుడ్డ సంగతి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ సన్నని పళ్ళకి పీచు వరసగా సాగుతుంది. తర్వాత ఏకులు చేసి రాట్నం మీద వడికితే 100 కౌంట్ నూలు వస్తుంది (కౌంట్ పెరిగేకొద్దీ నూలు సన్నమవుతుంది). చేత్తో ముట్టుకుంటే వదలబుద్ధి కాదు. పంచెకి అంతకన్నా మంచి గుడ్డ లేదు. అయితే ఓవర్‌సైజ్ చొక్కాకి గుడ్డలో కాస్త బరువు ఉండాలి, భుజం దగ్గర నిలబడాలి. ఈ గుడ్డ నిలబడదు, జారిపోతుంది. పైగా తెల్ల చొక్కా వేసుకుంటే లోపలి బనీను కనబడుతుంది. తక్కువ కౌంట్ గుడ్డ తీసుకుందాం, కొంచెం మందంగా ఉంటుంది అన్నాను. "అంకుల్, వెబ్‌సైట్‌లో 100 కౌంట్ అని పెట్టేశాం" అన్నాడు అబ్బాయి. చేనేత గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది కాబట్టి కోతకి ముందే తడిపి ఆరబెట్టాలి, దానికి టైం కావాలి అన్నాను. టైం లేదన్నారు. ఎందుకంటే ముహూర్తం పెట్టేశారు.

రథసప్తమి. అరసవల్లి సూర్యనారాయణ స్వామి దగ్గర మొదటి చొక్కాకి పూజ చేయించి, అదే రోజు లండన్‌లో వెబ్‌సైట్ తెరవాలని. 2024లో రథసప్తమి ఫిబ్రవరి 16న వచ్చింది. ఫిబ్రవరిలో లండన్ చలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ చలిలో బనీను కనబడే పల్చటి నూలు చొక్కా అమ్మకానికి పెట్టారు. దేవుడి మీద భక్తి నాకూ ఉంది గానీ, సీజన్ అనేది ఒకటుంటుంది కదా.

అయినా మొదటి వారం ఆర్డర్లు విరగబడి వచ్చాయి. ఇక్కడే అసలు కథ.

ప్యాకింగ్ లిస్టులు నా దగ్గరే తయారయ్యేవి కాబట్టి ఆర్డర్ల అడ్రసులు నాకు కనబడేవి. స్లౌ, హౌన్‌స్లో, రెడింగ్, బర్మింగ్‌హామ్. ఇంటిపేర్లు చూస్తే సగం మా జిల్లావే. ఒకావిడ ఒకే డిజైను అన్ని సైజుల్లోనూ ఆర్డర్ పెట్టింది. ఒకే ఇంట్లో ఎస్ నుంచి డబుల్ ఎక్స్ఎల్ దాకా మనుషులున్నారా అనుకున్నాను. తర్వాత బాబుగారి మేనేజర్ టీ తాగుతూ మెల్లిగా చెప్పాడు. అక్కడున్న బంధువులకీ స్నేహితులకీ బాబుగారే ఫోన్లు చేశారు: "మీరు అక్కడ కొనండి, డబ్బులు ఇక్కడ మీ వాళ్ళకి నేను సర్దేస్తాను." ఇలా డబ్బు సర్దడానికి చట్టంలో వేరే పేరుంది, దాని జోలికి ఇక్కడ పోను. ఆయన ఉద్దేశం మాత్రం పిల్లాడు నిరుత్సాహపడకూడదనే. తండ్రి ప్రేమ.

పిల్లాడికి ఇది తెలియదు. సరుకు అయిపోయిందని సంబరపడి రెండో లాటు నాలుగు రెట్లు చెప్పాడు. ఫొటోషూట్ పెట్టించాడు, లండన్‌లోనే షోర్‌డిచ్‌లో కొన్నాళ్ళ కోసం చిన్న షాపు అద్దెకి తీసుకున్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో వేలల్లో ఫాలోవర్లు. పొగడ్తలకి లోటు లేదు. వాడు కుర్రాడు, నమ్మడంలో వాడి తప్పేం లేదు. ఎవరైనా నమ్ముతారు.

ఒక చొక్కా లెక్క చెప్తాను, మీ బావగారికి చూపించండి. నా దగ్గర గుడ్డ, కుట్టు, గుండీలు, లేబుల్ అన్నీ కలిపి సుమారు 1,800 రూపాయలు, అంటే 17 పౌండ్లు. విమానంలో పంపితే ఇంకో 4. బ్రిటన్‌లో బట్టల మీద మామూలు దిగుమతి సుంకం 12 శాతం, అదంతా కలిపిన దాని మీద 20 శాతం వ్యాట్, అంటే మన జీఎస్టీ లాంటి పన్ను. అక్కడికే 28 పౌండ్లు. డబ్బా, కార్డు చార్జీ, ఇంటికి డెలివరీ కలిపి కొనేవాడి గుమ్మం చేరేసరికి 35. వాళ్ళు అమ్మింది 65కి. వినడానికి బాగుంది, చొక్కాకి 30 మిగులుతోంది. అందులోంచే షాపు అద్దె, ఫొటోలు, ప్రకటనలు. ఇక మూడింట్లో ఒకటి వెనక్కొస్తే ఏం మిగిలిందో మీరే చూసుకోండి. వెనక్కొచ్చింది ఇస్త్రీ చేసి మళ్ళీ ప్యాక్ చేయడానికి అక్కడ మనిషి కూలి వేరు. ఇంకో సంగతి, వ్యాట్‌కి రిజిస్టర్ అయితే దిగుమతిలో కట్టిన వ్యాట్ తిరిగి రాబట్టుకోవచ్చు. ఇప్పుడు 90 వేల పౌండ్ల అమ్మకం దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ముందే కావాలన్నా చేసుకోవచ్చు. వీళ్ళు చేసుకోలేదు. 2025 జూలైలో భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి, దాంతో బట్టల సుంకం పోతుంది. వ్యాట్ మాత్రం పోదు.

రెండో లాటు వెళ్ళాక ఫోన్లు ఆగిపోయాయి. బంధువులు ఎన్ని చొక్కాలని కొంటారు? ఆ వేసవిలో అబ్బాయి సెలవులకి వచ్చాడు. శ్రీకాకుళంలో వాళ్ళ కొత్త ఇంటి గృహప్రవేశం, నేనూ భోజనానికి వెళ్ళాను. అదే బంతిలో కూర్చున్న బర్మింగ్‌హామ్ పెదనాన్న ఒకాయన, పులిహోర కలుపుకుంటూ, మామూలుగానే అన్నాడు: "ఒరేయ్, ఆ ఆరు చొక్కాల డబ్బు మీ నాన్న ఇంకా సర్దలేదురా. మర్చిపోయుంటాడు, కాస్త గుర్తు చెయ్యి." అబ్బాయికి ముందు అర్థం కాలేదు. "ఏ డబ్బు పెదనాన్నా?" అన్నాడు. ఆయన వివరంగా చెప్పాడు కూడా, పాపం, దాచాలని ఎవరూ ఆయనకి చెప్పినట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే వాడు నా యూనిట్‌కి వచ్చి మొదటి లాటు అడ్రసుల లిస్టు అడిగాడు. కటింగ్ బల్ల మీద పరుచుకుని, స్కెచ్ పెన్నుతో తెలిసిన పేర్లు ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాడు. చివరికి ముక్కూ మొహం తెలియని వాళ్ళు 11 మంది మిగిలారు. ఆ 11లో నలుగురు వెనక్కి పంపేశారు. ఇద్దరు పల్చగా ఉందని, ఒకరు ఉతికితే పొట్టి అయిందని, ఒకరు దారంలో ముడులున్నాయి డ్యామేజీ పీసు అని. చేతి నూలుకి అలా సన్నం లావు ఉండడం సహజమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. "అంకుల్, ఈ నాలుగు మెయిల్స్ నాకు మొదటి వారమే వచ్చాయి, ఆర్డర్లు బాగున్నాయి కదా అని చదవలేదు" అన్నాడు. బ్రాండ్‌కి పనికొచ్చే మాటలు చెప్పింది ఆ నలుగురే. నాన్న కొనిపించిన సందడిలో అవి కొట్టుకుపోయాయి.

అందుకే మీ ప్రశ్నకి నా జవాబు: డబ్బు పెట్టడం వల్ల ఇవి మునగవు, డబ్బు పెట్టినవాళ్ళు అమ్మకాలు కూడా తామే తెచ్చిపెట్టడం వల్ల మునుగుతాయి. ఇక్కడి మధ్యతరగతి కుర్రాడైతే రెండో నెలలోనే ఆగి గుడ్డ మార్చేవాడు, గత్యంతరం ఉండదు కాబట్టి. వీడికి ఆగాల్సిన అవసరమే రానివ్వలేదు.

కాగితాల విషయం కూడా చూసుకోండి. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి గానీ వ్యాపారం గానీ చేయకూడదు. వీళ్ళకి ఆ సంగతి కంపెనీ రిజిస్టర్ చేశాక తెలిసింది. ఒకటే టెన్షన్. హడావిడిగా అక్కడ స్థిరపడిన పిన్నిగారి పేరు మీదకి మార్చారు. ఆవిడ ఉద్యోగం ఆవిడది, కంపెనీ లెక్కలు సమయానికి దాఖలు చేయలేదు. దానికి జరిమానా నెలలోపు ఆలస్యమైతే 150 పౌండ్లు, అలా పెరుగుతూ ఆరు నెలలు దాటితే 1,500. డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో చదువు ఖర్చు అని రాసి వ్యాపారంలో పెట్టొద్దు, రెండూ వేరు ఖాతాలు. ఒక్కో మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. పెట్టుబడికైతే 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. అది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు మీది కాదు. 50 లక్షలు అనుకున్నప్పుడు 8 లక్షలు అలా ఆగిపోతాయని బావగారికి ముందే చెప్పండి.

చివరికి వాళ్ళు కంపెనీ మూసేశారు. పిన్నిగారి గ్యారేజీలో మిగిలిన చొక్కాలు వెనక్కి తెప్పించడం దండగని అక్కడి సంక్రాంతి సంబరాల్లో పంచేశారు. మొత్తం ఎంత పోయిందని నేను అడగలేదు, కోటి దాటిందని మేనేజర్ అంటాడు. అబ్బాయి బాగానే ఉన్నాడు, చదువుకుంటున్నాడు. తండ్రితో కొన్నాళ్ళు మాటల్లేవు, ఇప్పుడు కలిశారు.

మీ వాడి విషయంలో నేనైతే ఇలా చేస్తాను. కంపెనీ ఇక్కడ బావగారి పేరుతోనే ఉంచి, 60 చొక్కాలు కుట్టించి, అక్కడ ఇప్పటికే నడుస్తున్న ఒకటి రెండు షాపులకి హోల్‌సేల్‌గా ఇవ్వండి, ఎండాకాలం ముందు. చుట్టాలెవరికీ లింకు పంపొద్దు, అడిగినా ఇవ్వొద్దు. షాపువాడు రెండోసారి అడిగితే అప్పుడు మిగతా డబ్బు సంగతి. చదువు పూర్తయి గ్రాడ్యుయేట్ వీసాకి మారితే సొంతంగా వ్యాపారం చేసుకోవచ్చు, అప్పుడు వాడే చూసుకుంటాడు. పొందూరు గుడ్డే కావాలంటే కాస్త మందపు రకం అడగండి, అదీ కొన్ని నెలల ముందే చెప్పుకోవాలి. చేత్తో వడికే నూలు కాబట్టి వేల మీటర్లు ఒకేసారి దొరకవు, 60 చొక్కాలకైతే సర్దగలరు.