టెస్టర్ చేతికిస్తున్నారా అని అడగండి

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈలో పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసి, గచ్చిబౌలి వైపు ఆఫీసులకు నెట్‌వర్క్ కేబుళ్లు వేసే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. ‘ఇంత చదివి వైర్లు లాగడమేమిటి’ అని బంధువులు అంటున్నారు. మానిపించి అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అప్పుడే మానిపించకండి అమ్మా. ముందు మీ అబ్బాయిని ఒక్క మాట అడగండి: ‘టెస్టర్ నీ చేతికిస్తున్నారా?’ టెస్టరంటే వేసిన కేబుల్ సరిగా ఉందో లేదో పరీక్షించే పరికరం. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

బంధువుల మాటలో కొంత నిజం లేకపోలేదు. నిచ్చెనెక్కి ఫాల్స్ సీలింగ్ మీదుగా కేబుల్ లాగడం కూలి పనే. రెండేళ్లు అదొక్కటే చేస్తే డిప్లొమా వృథా అయినట్టే. కానీ ఈ వృత్తి అంతటితో ఆగదు. కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే పెట్టె, అంటే స్విచ్ నుంచి కంప్యూటర్ దాకా రాగి కేబుల్ మొత్తం 100 మీటర్లు దాటకూడదు. అందులో గోడల్లో, సీలింగ్‌లో శాశ్వతంగా ఉండేది 90 మీటర్లు, మిగతా 10 రెండు చివర్ల ప్యాచ్ కార్డులు అనే పొట్టి కేబుళ్లకు. క్యాట్ 6 రకం రాగి కేబుల్ మీద 10 గిగాబిట్ల వేగం సుమారు 55 మీటర్ల వరకే నమ్మకం, పూర్తి 100 మీటర్లకు కావాలంటే దానికంటే మెరుగైన క్యాట్ 6ఏ వేయాలి. టీఐఏ-568, ఐఎస్‌ఓ/ఐఈసీ 11801 వంటి ప్రమాణాల చుట్టూ నడిచే లెక్కలివి. ఇవి తెలిసినవాడు ఫ్లోర్ ప్లాన్ చూడగానే స్విచ్‌లు అమర్చే ర్యాక్ ఎక్కడ పెట్టాలో చెబుతాడు. తెలియనివాడికి సీలింగ్ మూసేశాక తెలిసివస్తుంది.

అసలు పనితనం కేబుల్ కొసన ఉంటుంది. లోపల మెలితిప్పిన నాలుగు జతల వైర్లుంటాయి. జాక్‌లో బిగించేటప్పుడు ఆ మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. బాగా వాడుకలో ఉన్న టీ568బీ అనే రంగుల వరుసలో, జాక్‌లోని ఎనిమిది స్థానాల్లో ఆకుపచ్చ జత 3, 6 స్థానాల్లోకి వెళుతుంది, దాని మధ్యలో 4, 5 స్థానాల్లో నీలం జత కూర్చుంటుంది. ఇది తెలియని కొత్తవాడు జతలన్నిటినీ పక్కపక్కనే ముచ్చటగా పేర్చి, రెండు చివరలా ఒకేలా బిగిస్తాడు. చవక టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. పని అయిపోయిందనుకుంటారు. కానీ ఒకే సిగ్నల్ రెండు వేర్వేరు జతల్లోకి చీలిపోయి పక్కదాన్ని చెడగొడుతూ ఉంటుంది. నెట్ నత్తనడక నడుస్తుంది, లేదా ఆగి ఆగి వస్తుంది. లక్షల ఖరీదు చేసే సర్టిఫికేషన్ టెస్టరైతే ‘నెక్స్ట్ ఫెయిల్’ (ఒక జత సిగ్నల్ పక్క జతలోకి చొరబడుతోంది) అని వెంటనే పట్టేస్తుంది. ఆ రిపోర్టు చదివి, ఏ చివర జాక్ విప్పి మళ్లీ బిగించాలో చెప్పగలిగినవాణ్ని ఎవరూ వైర్లు లాగేవాడు అనరు. అందుకే టెస్టర్ సంగతి అడగమన్నాను.

వైఫై వచ్చాక కేబుళ్లెందుకని కూడా మీ బంధువులు అడగవచ్చు. ఆఫీసు సీలింగ్‌కు వేలాడే ప్రతి వైఫై పెట్టె వెనకా ఒక కేబుల్ ఉంటుంది, దానికి కరెంటు కూడా సాధారణంగా అందులోంచే వెళుతుంది. 2003 నాటి ప్రమాణంలో అలా పంపే కరెంటు 15.4 వాట్లు, 2018లో అది 90 వాట్లకు చేరింది. ఇంత కరెంటు మోయాల్సినచోట రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ వేస్తే అది వేడెక్కుతుంది, ప్రమాణాలు కూడా దాన్ని ఒప్పుకోవు. అయినా ధర తక్కువని కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. వద్దని చెప్పే ధైర్యం కూడా మీవాడు నేర్చుకోవలసిన విద్యే.

ఏడాదిలోపు రాగి పని మీద పట్టు చిక్కితే వెలుగుతో సమాచారం పంపే గాజు తీగ, అంటే ఫైబర్ వైపు మళ్లమనండి. దూరం పెరిగేకొద్దీ రాగి చేతులెత్తేస్తుంది. 10 గిగాబిట్ల వేగంతో తక్కువ దూరాలకు వాడే ఓఎం3 మల్టీమోడ్ ఫైబర్ 300 మీటర్లు, ఎక్కువ దూరాలకు వాడే సింగిల్‌మోడ్ 10 కిలోమీటర్లు మోస్తాయి. హైదరాబాద్‌లో డేటా సెంటర్లు పెరుగుతున్నాయి. అమెజాన్ 2022 నవంబరులో ఇక్కడ క్లౌడ్ రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం ప్రారంభించింది. అలాంటి చోట ర్యాకుల నిండా ఫైబరే. ఫైబర్ కొసలను అతికించే స్ప్లైసింగ్ మెషీన్ మీద చేయి తిరిగి, ఫైబర్‌లో లోపం ఎక్కడుందో చూపే ఓటీడీఆర్ గ్రాఫు చదవడం వచ్చినవాడికి పని వెతుక్కుంటూ వస్తుందని నా నమ్మకం.

అమీర్‌పేట కోర్సు చెడ్డదని కాదు. సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ తప్పకుండా చేయించండి, కానీ ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు. కేబుల్ చేత్తో తెలిసినవాడికి స్విచింగ్ పాఠం త్వరగా ఎక్కుతుంది. ఉద్యోగం లేకుండా కోర్సు మాత్రమే చేసినవాళ్లతో అమీర్‌పేట హాస్టళ్లు ఇప్పటికే నిండి ఉన్నాయి. బీటెక్ మీద మనసుంటే ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఈ రంగంలోనే పైకి వెళ్లాలనుకుంటే, అనుభవం వచ్చాక కేబులింగ్ రంగానికి చెందిన బిక్సీ సంస్థ ఇచ్చే ఆర్‌సీడీడీ సర్టిఫికెట్ డిజైన్ పనుల వైపు దారి చూపుతుంది.

టెస్టర్ ఇవ్వడం లేదంటే సైట్ ఇంజినీరునే నేరుగా అడగమనండి. ఆరు నెలలు గడిచినా ఇవ్వకపోతే మారవలసింది కంపెనీ, రంగం కాదు.

ఫైబర్ పనిలో చేరిన రోజు నుంచి ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. వెలుతురు కనబడకపోయినా ఫైబర్ కొసలోకి నేరుగా చూడకూడదు, లోపలి లేజర్ చాలాసార్లు కంటికి కనబడనిదే. కోసిన గాజు ముక్కలు వేళ్లలో గుచ్చుకుంటే తీయడం కష్టం. కంపెనీ రక్షణ కళ్లద్దాలు, ముక్కలు వేసే మూత డబ్బా ఇస్తోందో లేదో కనుక్కోండి.