నకిలీ డాక్యుమెంటరీయా, ఉత్తుత్తి డాక్యుమెంటరీయా?

సందేహం: క్రిస్టఫర్ గెస్ట్ తీసిన ‘బెస్ట్ ఇన్ షో’ (2000) సినిమా గురించి మా కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తూ, “ఇది కుక్కల పందేల మీద తీసిన నకిలీ డాక్యుమెంటరీ. ఇందులో నటులు నోటికొచ్చినట్టు మాట్లాడారు” అని మొదలుపెట్టాను. చదివితే సినిమా బాగాలేదన్నట్టుంది అన్నారు మా తెలుగు మేడం. నాకేమో ఆ సినిమా చాలా నచ్చింది. తప్పెక్కడుంది? ఇంకొకటి, కుక్క అని రాయొచ్చా, శునకం అనాలా? – ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, మీ మేడం సరిగ్గా పట్టుకున్నారు. మీ వాక్యాల్లో వ్యాకరణ దోషం లేదు. కానీ పందెం, నకిలీ, నోటికొచ్చినట్టు అనే మూడు మాటలూ ఒకచోట చేరేసరికి మీ మెప్పు కాస్తా నింద అయిపోయింది.

ముందు ‘నకిలీ’ సంగతి చూద్దాం. అసలు చిక్కు అక్కడే ఉంది. నకిలీ విత్తనాలు, నకిలీ నోట్లు, నకిలీ సర్టిఫికెట్లు అంటాం. ఎదుటివాడు నమ్మి మోసపోవాలని తయారుచేసినవి అవి. ‘బూటకం’ కూడా అంతే, బూటకపు ఎన్‌కౌంటర్ అన్నప్పుడు అందులో నేరం ఉందనే అర్థం. దొంగనిద్ర, దొంగ ఏడుపు అన్నప్పుడు తీవ్రత తగ్గుతుంది గానీ, అక్కడా పక్కవాళ్లు నమ్మాలనే ఆశ ఉంది. అదే పిల్లలు ఇసుకతో అన్నం వండి, ఆకుల్లో వడ్డించారనుకోండి. దాన్ని నకిలీ వంట అని ఎవరూ అనరు, ఉత్తుత్తి వంట అంటారు. వండేవాళ్లకూ తెలుసు, తినేవాళ్లకూ తెలుసు. అయినా ఉప్పు తక్కువైందని ఒకరు అలుగుతారు, ఇంకొకరు మళ్లీ వడ్డించమంటారు. ఆ ఒప్పందమే ‘ఉత్తుత్తి’ అనే మాటకు ప్రాణం.

ఇంకో ఉదాహరణ. ఖాకీ దుస్తులు వేసుకుని దారిలో లారీలు ఆపి డబ్బులు గుంజేవాణ్ని నకిలీ పోలీసు అంటాం. అవే దుస్తుల్లో మన వాకిట్లోకి వచ్చిన పగటివేషగాణ్ని అలా అనం. తెలంగాణ పల్లెల్లో తిరిగే పిట్టలదొర సంగతీ అంతే. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ, నోటినిండా కోతలు. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వుతుంటే ఆయన ముఖంలో నవ్వు జాడే ఉండదు. ఆయన గనక ఒక్కసారి పకపకా నవ్వేశాడంటే వేషం అక్కడితో చెడిపోతుంది.

మీరు చూసిన సినిమా నడిచేదీ ఈ సూత్రం మీదే. ఫ్లోరిడా నుంచి నార్విచ్ టెర్రియర్ జాతి కుక్కను పోటీకి తెచ్చిన జెర్రీ, తాను రెండు ఎడమ పాదాలతో పుట్టానని కెమెరాకు ఎంతో మామూలుగా చెబుతాడు. ఇంకో జంట తమ వైమరనర్ జాతి కుక్కకు ఇష్టమైన తేనెటీగ బొమ్మ పోయిందని కంగారుపడుతుంది. ఆ ఇల్లాలు దుకాణానికి పరిగెత్తి, అమ్మేవాడు వేరే బొమ్మలు చూపిస్తుంటే గొంతు చించుకుంటుంది. మనకది నవ్వు, ఆవిడకు ప్రాణసంకటం. కెమెరా ఇద్దరి మధ్యా నిలబడి, నిజం డాక్యుమెంటరీలో ఎలా చూస్తుందో అలాగే చూస్తుంది. ఇందులో మోసపోయేవాళ్లు ఎవరూ లేరు.

ఇలాంటి సినిమాను ఇంగ్లీషులో ‘మాక్యుమెంటరీ’ అంటారు. అందులోని ‘మాక్’ మనకు కొత్తదేమీ కాదు. పోలింగు రోజు పొద్దున్నే ఏజెంట్ల ఎదుట మాక్ పోలింగ్ జరుపుతారు, స్కూళ్లలో మాక్ అసెంబ్లీ పెడతారు. వాటిని నకిలీ పోలింగ్, నకిలీ అసెంబ్లీ అని ఏ విలేకరీ రాయడు, ‘నమూనా’ అంటాడు. ఇక్కడ ‘నమూనా’ కూడా కుదరదు, అందులో నవ్వు లేదు. ‘ప్రహసనం’ ఎంత మంచి మాటో! వీరేశలింగంగారు సంఘంలోని చెడుగుల మీద ప్రహసనాలు రాశారు. ఇప్పుడేమో ‘తనిఖీలు ప్రహసనంగా మారాయి’ అన్నచోటే అది ఎక్కువగా కనబడుతోంది. అలా అరిగిపోవడం నాకు బాధగానే ఉంటుంది గానీ, మీ వ్యాసంలో అది మళ్లీ నిందలాగే ధ్వనిస్తుంది. అందుకని మాక్యుమెంటరీ అనే రాయండి. మొదటిసారి రాసినచోట ‘ఉత్తుత్తి డాక్యుమెంటరీ’ అని పక్కన చేర్చండి. పిల్లల మాట కదా, వ్యాసంలో బాగుంటుందా అని జంకొద్దు. అంత సరిగ్గా అతికే మాట నాకు ఇంకొకటి కనబడలేదు.

ఇక పందెం. పందెం అంటే ఏదో ఒకటి ఒడ్డాలి, లేదా ఒకదానితో ఒకటి నేరుగా తలపడాలి. సంక్రాంతి కోడిపందేల్లో రెండూ ఉన్నాయి, పరుగుపందెంలో రెండోది ఉంది. డాగ్ షోలో రెండూ లేవు. న్యూయార్క్‌లో 1877లో మొదలైన వెస్ట్‌మినిస్టర్ షోనే తీసుకోండి. జడ్జి ఒక్కో కుక్క పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు, వీపు తడిమి ఎముకల పొందిక చూస్తాడు, కుక్కను పట్టుకుని నడిపించే హ్యాండ్లర్‌తో పాటు పరిగెత్తించి నడక చూస్తాడు. పక్క కుక్క కన్నా ఇది బాగుందా అని కాదు, తన జాతికి రాసి పెట్టిన లక్షణాలకు ఇది ఎంత దగ్గరగా ఉందన్నదే లెక్క. ముందు జాతిలో గెలవాలి, తర్వాత కొన్ని జాతులు కలిసిన గ్రూపులో. ఏడు గ్రూపుల విజేతలు చివరి రింగులోకి వస్తాయి. అందులో గెలిచినదానికి ఇచ్చే బిరుదే మీ సినిమా పేరు. మనవైపు ఒంగోలు జాతి పశువుల ప్రదర్శనల్లోనూ మూపురం, గంగడోలు, నడక చూసి బహుమతులిస్తారు. వాటిని మనం పశుప్రదర్శన, అందాల పోటీ అంటున్నాం. కాబట్టి కుక్కల ప్రదర్శన అనండి, పోటీ అన్నా తప్పులేదు.

‘నోటికొచ్చినట్టు’ అంటే తిట్టినట్టే. కోపంతో, ఒళ్లు తెలియకుండా మాట్లాడాడని అర్థం. గెస్ట్, యూజీన్ లెవీ కలిసి కథనూ పాత్రల పూర్వాపరాలనూ ముందే రాసుకున్నారు. మాటలు మాత్రం కెమెరా ముందు నటులే అల్లుకున్నారు. ‘ఆశువుగా’ అన్నా బాగానే ఉంటుంది. పద్యం వాసన తగులుతుందేమో అన్న శంక వద్దు. ఆశువుగా పద్యం చెప్పే అవధాని వెనక ఏళ్ల సాధన ఉన్నట్టే, ఈ నటుల వెనకా పాత్రను లోపలికి తీసుకున్న కష్టం ఉంది. “నటులు అప్పటికప్పుడు మాటలు అల్లుకున్నారు” అంటే ఆ కష్టమూ తెలుస్తుంది, సినిమాలోని సహజత్వమూ తెలుస్తుంది.

చివరి ప్రశ్న. కుక్క అనే రాయండి. తిట్టుగా వాడతారు కాబట్టి పత్రికలు మొహమాటపడి ‘శునకం’ అంటున్నాయి, ‘పెంపుడు శునకం’ అని కూడా. పెంచేవాళ్లు మాత్రం మా కుక్కపిల్ల అనే ముద్దుగా చెప్పుకుంటారు, అది చాలు. సినిమాలోని కుక్కల్లో ఒక్క హ్యూబర్ట్‌ను వేరుగా చూడొచ్చు. అది బ్లడ్‌హౌండ్, వాసన పట్టి వేటకు సాయపడే జాతి. ఆ పనికి తెలుగులో ‘జాగిలం’ ఉంది, పోలీసు జాగిలాలు అని రోజూ వింటున్నాం కూడా. దాన్ని జాగిలం అంటే బాగుంటుంది. జెర్రీ దంపతుల నార్విచ్ టెర్రియర్ వింకీని జాగిలం అనకండి, అది ఒళ్లో పట్టే బుజ్జి కుక్క.