ఉద్యోగి తలకి వ్యాపారం చూసి ఏ ప్రభుత్వ బ్యాంకు మేలో చెప్పొచ్చా?

ఎం.కామ్ ప్రాజెక్టుకి భీమవరం, అమలాపురం వైపు ప్రభుత్వ బ్యాంకుల సామర్థ్యం పోల్చాలి, ఉద్యోగి తలకి వ్యాపారం ఎంతో తీస్తే సరిపోతుందా అని కదా అడిగారు. సరిపోదండి. ఆ అంకె సిబ్బంది పనితనం కంటే ఆ ఊరి డబ్బు ఎలాంటిదో ఎక్కువ చెబుతుంది. వ్యాపారం అంటే డిపాజిట్లు, అప్పులు కలిపిన మొత్తం. అందులో ఏది ఎంతో విడదీయకపోతే పోలికే లేదు.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. పదేసి మంది ఉన్న రెండు బ్రాంచీలు. కోనసీమ బ్రాంచికి గల్ఫ్ నుంచి డబ్బు వస్తుంది: డిపాజిట్లు 200 కోట్లు, అప్పులు 60 కోట్లు. భీమవరం వైపు బ్రాంచిలో రొయ్యల చెరువులు, రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు: డిపాజిట్లు 110, అప్పులు 150. రెండిటికీ వ్యాపారం 260 కోట్లు, తలకి 26 కోట్లు. బ్రాంచి తన డిపాజిట్లని హెడ్డాఫీసుకి ఇచ్చి, అప్పులకి కావలసింది అక్కడి నుంచే తెచ్చుకుంటుందని లెక్క. ఇప్పుడు ఆ బదిలీ రేటు రెండువైపులా 6.5 శాతం, డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీ సగటున 5, అప్పుల మీద వచ్చేది 9.5 అనుకోండి. కోనసీమ బ్రాంచికి డిపాజిట్ల వైపు 3 కోట్లు, అప్పుల వైపు 1.8 కోట్లు, కలిపి 4.8. భీమవరం బ్రాంచికి 1.65, 4.5 కలిపి 6.15. ఇద్దరి నిర్వహణ ఖర్చూ 2.4 కోట్లే అయితే ఆదాయంలో ఖర్చు వాటా మొదటిచోట 50 శాతం, రెండోచోట 39 శాతం.

భీమవరం బ్రాంచి గెలిచిందని రాసేయకండి. ఈ నిష్పత్తిలోకి ప్రొవిజన్లు, అంటే మొండి అప్పుల నష్టం కోసం పక్కన పెట్టే డబ్బు, రావు. చెరువుల్లో రొయ్యలకి వైట్‌స్పాట్ వైరస్ తగిలి 9 కోట్ల అప్పు ఎన్‌పీఏ (వసూలు ఆగిపోయిన మొండి అప్పు) అయిందనుకుందాం. హామీ ఉన్న సబ్‌స్టాండర్డ్ (ఎన్‌పీఏ అయి ఏడాది దాటని) ఖాతాకి 15 శాతం చొప్పున 1.35 కోట్లు పక్కన పెట్టాలి. అప్పుడు మిగిలేది 2.4 కోట్లు, సరిగ్గా కోనసీమ బ్రాంచికి మిగిలినంతే. పైగా ఎన్‌పీఏ అయిన ఖాతాలో వసూలు కాని వడ్డీని ఆదాయంలోంచి తీసేయాలి కాబట్టి ఇంకా కిందకి పోతుంది. అందుకని ఖర్చు-ఆదాయ నిష్పత్తి పక్కనే ప్రొవిజన్లు పోగా ఆస్తులపై రాబడి, ఆ ఏడు కొత్తగా ఎన్‌పీఏలోకి జారిన అప్పుల శాతం ఉండాలి. ఈ మూడూ లేని పోలికని నేను నమ్మను.

ఎన్‌పీఏ విషయంలో మన ప్రాంతానికి ఒక చిక్కుంది. మామూలు అప్పు 90 రోజులు బకాయి పడితే ఎన్‌పీఏ. సార్వా, దాళ్వా వరి లాంటి స్వల్పకాలిక పంటల అప్పు మాత్రం రెండు పంటకాలాలు దాటితేనే. అంటే ఈ సార్వా మునిగిపోయిన ప్రభావం ఈ మార్చి లెక్కల్లో కనపడకపోవచ్చు, పంట అప్పులు ఎక్కువున్న బ్యాంకు ఒక ఏడాది పాటు శుభ్రంగా కనిపిస్తుంది. కనీసం మూడేళ్ల సగటు తీసుకోండి. ఇంకొకటి, క్రాప్ లోన్ రెన్యువల్. రైతు ఒకటి రెండు రోజులకి బయట వడ్డీకి తెచ్చి కట్టి, వెంటనే మళ్లీ తీసుకుంటాడు. బంగారం లోన్లు కూడా చాలాచోట్ల ఇంతే: వడ్డీ కట్టి పాతది మూసి, అదే వస్తువు మీద అదే రోజు కొత్తది. పంపిణీ అంకె పెరుగుతుంది, ఊళ్లోకి కొత్తగా ఒక్క రూపాయి రాదు. కాబట్టి అప్పుల పంపిణీని కాకుండా బకాయి నిల్వనే ఫలితంగా తీసుకోవాలి. అదీ మార్చి 31 నిల్వ ఒక్కటే కాదు, ఏడాది చివర డిపాజిట్లు ఉబ్బుతాయి. నాలుగు త్రైమాసికాల సగటు మేలు.

స్థూల ఎన్‌పీఏ, అంటే ప్రొవిజన్లు తీసేయకముందు మొత్తం అప్పుల్లో ఎన్‌పీఏల శాతం, తగ్గిందని కూడా మురిసిపోకండి. 2018 మార్చిలో ప్రభుత్వ బ్యాంకులన్నిటికీ కలిపి అది 14 శాతం దాటింది. తర్వాత దిగడంలో వసూళ్లతో పాటు రైటాఫ్‌లకీ (మొండి అప్పుని పుస్తకాల్లోంచి కొట్టేయడం) పెద్ద వాటా ఉంది. వార్షిక నివేదికలో ఎన్‌పీఏల కదలిక పట్టిక ఉంటుంది. అందులో కొత్తగా చేరినవి, వసూలైనవి, రైటాఫ్ చేసినవి విడివిడిగా దొరుకుతాయి.

డేటా విషయానికొస్తే, బ్రాంచివారీ లాభాలు బయట దొరకవు, వాటి కోసం తిరగకండి. బ్యాంకు స్థాయి అంకెలు రిజర్వు బ్యాంకు ఏటా వేసే స్టాటిస్టికల్ టేబుల్స్‌లో ఉంటాయి. రాష్ట్రంలో బ్యాంకులవారీ, జిల్లాలవారీ డిపాజిట్లు, అప్పులు ఎస్‌ఎల్‌బీసీ (రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ) అజెండా పుస్తకాల్లో ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత తూర్పు, పశ్చిమ గోదావరి అంకెల్ని ఇప్పటివాటి పక్కన పెట్టకూడదు. విలీనాలదీ ఇదే బాధ. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్, కార్పొరేషన్ బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి. అంతకుముందు ఏళ్లకి మూడిటి అంకెలూ కూడి వాడకపోతే ఒక్క ఏడాదిలో యూనియన్ బ్యాంక్ ఎక్కడికో ఎగిరినట్టు వస్తుంది.

సిబ్బంది సంఖ్య కంటే సిబ్బంది ఖర్చు, ఇతర నిర్వహణ ఖర్చు వాడటం నయం. పల్లెల్లో కమీషన్ మీద బ్యాంకు పనులు చేసే బ్యాంక్ మిత్రలు, ఔట్‌సోర్సింగ్ వాళ్లు ఉద్యోగుల లెక్కలోకి రారు, వాళ్లకిచ్చే కమీషన్ మాత్రం ఖర్చులో ఉంటుంది. 12వ వేతన ఒప్పందం 2024 మార్చిలో కుదిరి 2022 నవంబరు నుంచి వర్తించింది. ఆ బకాయిలకి ఏ బ్యాంకు ఏ ఏడాదిలో ఎంత ప్రొవిజన్ పెట్టిందో చూడకుండా 2022-23, 2023-24 ఖర్చుల్ని పోల్చితే తప్పు వస్తుంది.

మీ గైడు డీఈఏ చేయమంటే, అంటే డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్, ముందు సంఖ్య చూసుకోండి. ఇది ఒక్కో బ్యాంకు వాడిన వనరులకి (ఇన్‌పుట్లు) ఎంత ఫలితం (అవుట్‌పుట్లు) తీసిందో మిగతావాటితో పోల్చి స్కోరు ఇచ్చే పద్ధతి, అన్నిటికంటే మెరుగైనవాటికి 1 వస్తుంది. ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు కలిపిన దానికి కనీసం మూడు రెట్లు యూనిట్లు (ఇక్కడ బ్యాంకులు) ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. ప్రభుత్వ బ్యాంకులు 12. అంటే నాలుగు చలరాశులే పడతాయి: ఇన్‌పుట్లుగా నిర్వహణ ఖర్చు, చెల్లించిన వడ్డీ, అవుట్‌పుట్లుగా ఎన్‌పీఏ తీసేసిన అప్పులు, వడ్డీయేతర ఆదాయం. ఆరు పెడితే చాలా బ్యాంకులకి స్కోరు 1 వచ్చి కూర్చుంటుంది. లాభాన్ని అవుట్‌పుట్‌గా పెట్టొద్దు, 2015-16 నుంచి కొన్నేళ్లు చాలా బ్యాంకులు నష్టాలు చూపాయి, మామూలు మోడల్ మైనస్ సంఖ్యల్ని తీసుకోదు. వడ్డీయేతర ఆదాయంలోంచి బాండ్ల అమ్మకం లాభం తీసేయండి, అది వడ్డీరేట్లు దిగిన ఏడాది ఊరికే వచ్చేది. స్థిర ప్రతిఫలాల మోడల్ (చిన్నా పెద్దా బ్యాంకులన్నిటినీ ఒకే కొలతతో చూసేది), చర ప్రతిఫలాల మోడల్ (బ్యాంకు పరిమాణాన్ని లెక్కలోకి తీసుకునేది) రెండూ నడపండి. రెండోదాంట్లో స్టేట్ బ్యాంక్‌కి దాదాపు ఎప్పుడూ 1 వస్తుంది, కారణం దానంత పెద్దది పక్కన ఇంకొకటి లేకపోవడం. ఆ 1ని సామర్థ్యం అని రాయకండి. ఎక్సెల్ సాల్వర్‌తో 12 బ్యాంకులకి చేతితో చేయొచ్చు, ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో అయితే బెంచ్‌మార్కింగ్ ప్యాకేజీ ఉంది. స్కోర్లు వచ్చాక 1 వచ్చిన బ్యాంకుల్ని ఒక్కొక్కటిగా తీసేసి మళ్లీ నడపండి. ఒక్కటి తీయగానే మిగతావాటి వరస తారుమారైతే ర్యాంకులు ఇవ్వకుండా పై, మధ్య, కింది వర్గాలుగానే చూపించండి.