బావురుపిల్లి పిల్లల్ని పెంచుకోవడానికి పర్మిషన్ ఇస్తారా?

"మా రొయ్యల చెరువు గట్టున రెండు బావురుపిల్లి పిల్లలు దొరికాయి. లండన్‌లో ఉన్న మా బావ, అక్కడ లైసెన్స్ తీసుకుని నాగుపాముల్ని కూడా పెంచుకోవచ్చంటున్నాడు. ఇక్కడ ఎవరిని అడగాలి?" అని అడిగారు.

ఎవరిని అడిగినా ఇవ్వరండి. బావురుపిల్లి అంటే చేపలు పట్టి తినే అడవి పిల్లి (ఫిషింగ్ క్యాట్). మీ బావగారు చెప్పింది నిజమే. బ్రిటన్‌లో 1976 నాటి చట్టం ప్రకారం లోకల్ కౌన్సిల్ లైసెన్స్ ఇస్తుంది. ముందు పశువైద్యుడు వచ్చి బోను చూసి వెళ్తాడు, ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. మన దగ్గర లెక్క వేరు. 1972 వన్యప్రాణి చట్టంలో బావురుపిల్లి మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో, పులి పక్కనే ఉంది. పట్టుకోవడం కూడా వేటే. రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, తక్కువలో తక్కువ 25 వేల జరిమానా. పరిశోధనకో, పాము విషం సేకరణకో పర్మిషన్ ఇస్తారు గానీ, మన ముచ్చట తీర్చడానికి కాదు.

తాళ్లరేవు దగ్గర మా గట్టు మీదా ఇదే జరిగింది. కోరింగ మడ అడవి పక్కనే కదా. తుంగ కోయిస్తుంటే బయటపడ్డాయి: బూడిద రంగు ఒళ్లు, నల్ల చుక్కలు, పొట్టి తోకలు. గుప్పెడంత లేవు, చెయ్యి దగ్గరికి పోతే మాత్రం బుస్సుమంటున్నాయి. "పాలు పోసి పెంచుదాంరా, ఎలుకల బెడద తీరుతుంది" అంటూ మా బాబాయి గంప తెచ్చేశాడు. నేను ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేశాను. వచ్చినాయన తుంగ కోత ఆపించి, అందర్నీ గట్టు దింపేశాడు. "తల్లి దగ్గర్లోనే ఉంటుందండి. మీరు కదిలితే గానీ అది రాదు" అన్నాడు. ఆ రాత్రే వచ్చి పిల్లల్ని పట్టుకుపోయింది. మా బాబాయి ఇప్పటికీ సణుగుతుంటాడనుకోండి.

మీవి ఇంకా గట్టు మీదే ఉంటే ముట్టుకోకుండా కబురు చేయండి. ఇంటికి తెచ్చేసి ఉంటే టెన్షన్ పడకండి, దాచనూ వద్దు. 48 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో ఫారెస్టు అధికారికో చెప్పాలని ఆ వన్యప్రాణి చట్టంలోని 39వ సెక్షన్ అంటోంది. ఈలోపు ఆవుపాలు పట్టకండి, అరగవు.

మరీ మోజుంటే బాల్ పైథాన్ (కొండచిలువ), ఇగ్వానా (పెద్ద బల్లి), మకావ్ (చిలుక) లాంటి విదేశీ జాతులున్నాయి. వాటికి కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో రిజిస్ట్రేషన్ కావాలి, 2024లో రూల్స్ వచ్చాయి. కాగితాలు అక్కర్లేదనే వాడి దగ్గర మాత్రం కొనకండి.