థీసిస్ అప్‌లోడ్: సబ్మిట్ నొక్కేముందు

డిఫెన్స్ (కమిటీ ముందు థీసిస్‌ను సమర్థించుకోవడం) అయిపోయింది, కమిటీ సరేనంది, ఇక పీడీఎఫ్ ఎక్కించడమే కదా అని చాలామంది ఆ పనిని గడువు రోజు రాత్రికి వదిలేస్తారు. అమెరికా యూనివర్సిటీల్లో ఫైల్ పంపగానే పని తెమలదు. గ్రాడ్యుయేట్ స్కూల్లో ఒకరు మార్జిన్లు, పేజీ నంబర్లు, విషయసూచిక చూసి, తేడా ఉంటే తిప్పి పంపుతారు. గడువు మొదటిసారి పంపడానికా, ఆమోదం రావడానికా అన్నది ముందే కనుక్కోండి. దాటితే ఇంకో సెమిస్టర్ రిజిస్టర్ కావలసి రావచ్చు, దాంతో ఐ-20 (విద్యార్థి వీసాకు ఆధారమైన యూనివర్సిటీ పత్రం) తేదీ, ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసే అనుమతి) దరఖాస్తు తేదీ కూడా మారిపోవచ్చు. ఆలస్యమయ్యేలా ఉందనిపిస్తే ఆ రోజే ఇంటర్నేషనల్ ఆఫీసుకు చెప్పండి.

మనవాళ్లకు పేరుతో వచ్చే చిక్కు వేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఇక్కడి రికార్డుల్లో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని చేరిపోతుంది. పేపర్లలోనేమో ఇంటిపేరు ఒకసారి పూర్తిగా, ఒకసారి పొడి అక్షరంగా ఉంటుంది. టైటిల్ పేజీలో ఏ పేరు ఉండాలో మీ స్కూల్ నిబంధన చూడండి; సాధారణంగా యూనివర్సిటీ రికార్డులో ఉన్నదే అడుగుతారు. ఆర్కిడ్ అంటే పరిశోధకులను గుర్తించే నంబర్; ఉచితం, 16 అంకెలు. మీ పేరు రాసే తీరులన్నీ ఆ ప్రొఫైల్లో పెట్టి, నంబర్‌ను సబ్మిషన్ ఫారంలో ఇవ్వండి.

ఫైల్ తిరిగొచ్చే కారణాల్లో ఫాంట్లు ఒకటి. పీడీఎఫ్‌లో అవి ఎంబెడ్ కాకపోతే, అంటే ఫైల్లోనే ఇమిడి లేకపోతే, వేరే కంప్యూటర్లో సమీకరణాలు చెదిరిపోతాయి. అక్రోబాట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్ తెరిస్తే ప్రతి ఫాంట్ పక్కనా "ఎంబెడెడ్" అని కనిపించాలి. టెక్స్ట్ సరిగా ఉండి బొమ్మల్లో తప్పుతుంటే, మ్యాట్‌ల్యాబ్ లాంటి వాటి నుంచి తెచ్చిన గ్రాఫ్‌లను అనుమానించండి. వర్డ్ వాడేవారు ప్రింట్ దారిలో కాకుండా "సేవ్ యాజ్ పీడీఎఫ్" దారిలో వెళ్లాలి. ప్రింట్ చేస్తే లింకులు, బుక్‌మార్కులు పోతాయి. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో టైటిల్ కూడా చూడండి. "ఫైనల్_వీ7" అన్న పేరుతో లైబ్రరీకెక్కిన థీసిస్‌లు తక్కువేం కాదు. అనుబంధాల్లో ఫోన్ నంబర్లు, సర్వేలో పాల్గొన్నవాళ్ల పేర్లు ఉంటే తీసేయండి.

అన్నిటికంటే తీరిగ్గా ఆలోచించాల్సింది ఎంబార్గో గురించి, అంటే థీసిస్‌ను కొంతకాలం బయటివాళ్లకు కనిపించకుండా ఆపడం గురించి. ఫారంలో ఆరు నెలలు, ఏడాది, రెండేళ్లు వంటి ఎంపికలుంటాయి. ఏమీ ఎంచకపోతే సాధారణంగా వెంటనే అందరికీ తెరుచుకుంటుంది. పని పేటెంట్‌కు పోయేదైతే ఇది పెద్ద విషయం. అమెరికాలో బయటపెట్టాక కూడా దరఖాస్తుకు ఏడాది వెసులుబాటు ఉంది, యూరప్‌లో అలాంటిది దాదాపు లేదు. రిపాజిటరీలో (థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండారంలో) అందరికీ కనిపించేలా పెట్టడమూ బయటపెట్టడమే. ఎంబార్గో ఉన్నా శీర్షిక, సారాంశం మామూలుగా కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి అసలు కిటుకు సారాంశంలో రాయకండి. థీసిస్ ప్రోక్వెస్ట్‌కూ (థీసిస్‌లను ప్రచురించే డేటాబేస్ సంస్థ) యూనివర్సిటీ రిపాజిటరీకీ రెండింటికీ వెళ్తుంటే, ఎంబార్గో రెండుచోట్లా విడివిడిగా పెట్టాల్సి ఉంటుందేమో చూసుకోండి. ఒకచోట పెట్టి రెండోచోట మరిస్తే పెట్టినా లాభం లేదు. గైడ్‌తో మాట్లాడకుండా ఈ గడి నింపవద్దు.

అచ్చైన మీ పేపర్‌నే అధ్యాయంగా వాడితే ప్రచురణకర్త షరతులు చదవండి. ఇంజినీరింగ్ పత్రికలు ప్రచురించే ఐఈఈఈ సంస్థ థీసిస్ కోసం విడిగా లైసెన్స్ అడగదు. కానీ కాపీరైట్ వాక్యం పెట్టాలి, ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు పత్రిక లేఅవుట్‌లోని పీడీఎఫ్ కాకుండా ఆమోదం పొందిన మీ సొంత ప్రతిని వాడాలి. ఇతరుల బొమ్మ తీసుకుంటే అనుమతి లేఖ దగ్గర పెట్టుకోండి, కొన్ని స్కూళ్లు దాన్ని అనుబంధంలో చేర్చమంటాయి.

ఫారంలో సారాంశం అతికించేటప్పుడు లాటెక్ (సమీకరణాలు రాసే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్) కోడ్ అలాగే వదిలితే డాలర్ గుర్తులతో సహా ఆన్‌లైన్లో కనిపిస్తుంది, మామూలు మాటల్లోకి మార్చండి. ఆమోదమయ్యాక ఫైల్ మార్చడం చాలా కష్టం, చాలాచోట్ల సవరణ పత్రం జతచేయడమే దారి. రెజ్యూమేలో బ్రౌజర్ పైన కనిపించే చిరునామా కాకుండా, ఆ పేజీలో ఇచ్చిన హ్యాండిల్ లేదా డీఓఐ లింకు (పత్రానికి ఇచ్చే శాశ్వత చిరునామా) రాయండి. సర్వర్ మారినా అది పనిచేసేలా పెట్టిన లింకు.