కెమెరా ఉండంగా రోబోకి స్పర్శ ఎందుకు, దాంతో ఉద్యోగం వస్తుందా?

పొదలకూరు నుంచి ఒకన్న అడిగాడు, మాది నిమ్మకాయల యాపారం, పాప ఈసీఈ థర్డ్ ఇయర్, రోబో వేళ్లకి స్పర్శ తెలిసే సెన్సార్లు పెట్టే ప్రాజెక్ట్ చేస్తానంటా ఉంది, కెమెరాలుండంగా ఇదెందుకు, జావా కోచింగ్‌లో చేర్పిస్తే పోద్ది గదా అని.

అన్నా, మీ యార్డులోనే చూడండి, కాయలేరే ఆడోళ్లు కబుర్లు చెప్పుకుంటానే మెత్తబడిన కాయ చేతికి తగలంగానే అవతల పడేస్తారు, కళ్లతో చూసి కాదు. రోబో కాయని పట్టుకున్నాక దాని వేళ్లే కెమెరాకి అడ్డం, నలుగుతా ఉందో జారుతా ఉందో కనపడదు. మనిషికైనా అంతే, స్వీడన్‌లో యోహాన్సన్ అనే సైంటిస్టు వేళ్ల కొసలకి మత్తిచ్చి అగ్గిపుల్ల గియ్యమంటే, చూపు బాగానే ఉన్నా నానా తంటాలు పడ్డారు. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు చేసిన జెల్‌సైట్ అనే స్పర్శ సెన్సార్‌లో అయితే కెమెరానే వేలి లోపల పెట్టేశారు, ముందు మెత్తటి జెల్, వస్తువు తగిలి అది ఎట్లా నొక్కుకుపోయిందో లోపల్నించి చూస్తది.

పాపకి అంత ఖరీదైంది వద్దులే. ఒక ఎఫ్ఎస్ఆర్ (ఎంత నొక్కితే అంత రెసిస్టెన్స్ తగ్గే పల్చటి సెన్సార్), ఒక రెసిస్టర్, ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో మొదలుపెట్టమనండి. ఒకే కాయని పదిసార్లు పట్టిస్తే పది రకాల రీడింగులొస్తాయి, ఎందుకట్లా అని కనుక్కోవడంలోనే అసలు చదువు. పైగా ఎఫ్ఎస్ఆర్ నొక్కుడే చెప్తది, జారుడు చెప్పదు, దానికి బజర్‌లో ఉండే పీజో బిళ్ల (అదిరితే కరెంటు సిగ్నల్ ఇచ్చేది) రోబో వేలికి అంటిస్తే జారేటప్పటి సన్న అదురు పట్టుకుంటది, కాకపోతే మోటార్ అదురు కూడా అందులోనే కలుస్తది, రెండూ విడదియ్యడానికి నెల పట్టినా పట్టుద్ది.

ఉద్యోగం అంటారా, స్పర్శ ఇంజనీర్ కావాలని ఎవరూ బోర్డు పెట్టరు, నెల్లూరులో అయితే ఆశే వద్దు. కానీ ఈ పనిలో వచ్చే సీ లాంగ్వేజీ, మైక్రోకంట్రోలర్, సిగ్నల్ ఫిల్టరింగ్ అంటే అక్కర్లేని అదురు తీసెయ్యడం, ఇవన్నీ బెంగళూరు, చెన్నైల్లో ఎంబెడెడ్ కంపెనీలు, అంటే మిషన్ల లోపలి చిప్పులకి ప్రోగ్రాములు రాసేవాళ్లు, అడిగేవే. జావా కావాలంటే సెలవుల్లో నేర్చుకుంటది. ఇదే లైన్లో పోతానంటే గేట్ రాసి బెంగళూరు ఐఐఎస్సీ, లేకుంటే హైదరాబాద్ ట్రిపుల్ఐటీ రోబోటిక్స్ ల్యాబు చూసుకోవచ్చు. రెండు వారాల రోబోటిక్స్ సర్టిఫికెట్లకి మాత్రం రూపాయి కట్టబాకండి.

ముందు ఒక గంప కాయలు ఇంటికి పంపండన్నా, గట్టియి, మెత్తయి, కుళ్లినయి కూడా, డేటా అక్కణ్ణించే రావాల.