వంక ఒకచోట, గీత ఒకచోట
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మ్యాపుల గురించే ఎక్కువ ఉన్నాయి. నాలుగింటికి జవాబులు ఇస్తున్నా, మొదటిదాంట్లో ఒక గొడవ కూడా ఉంది కాబట్టి దానికి కాస్త ఎక్కువ చోటు పట్టింది.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. మా చేను పక్కన వంక ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే ఒక మ్యాపులో మాత్రం ఆ వంక నీలం గీత చేను మధ్యలోంచి పోతోంది. చేను కొందామని వచ్చినాయన ఫోన్‌లో అది చూసి "ఇది వంక పోరంబోకు కదా" అని వెళ్లిపోయాడు. ఆ గీత గీసింది ఎవరండీ, ఎవరిని అడగాలి?

జవాబు: అలాంటి గీతలు చాలావాటిని ఎవరూ గీయరండి, చిక్కంతా అక్కడే. కొన్నింటిని మనుషులు శాటిలైట్ ఫొటో ముందు పెట్టుకుని గీస్తారు, చాలావాటిని కంప్యూటరే లెక్కగట్టి వేస్తుంది. ఆ లెక్క ఎలా ఉంటుందో చెప్తా, మీ చేలోకి వంక ఎలా వచ్చిందో మీకే అర్థమవుతుంది.

2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అనే స్పేస్ షటిల్ 11 రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో నేల ఎత్తులు కొలిచింది. 60 మీటర్ల పొడవు దూలం చివర ఇంకో యాంటెనా పెట్టుకుని, మనం రెండు కళ్లతో దూరం పోల్చుకున్నట్టే కొలిచింది. దాంట్లోంచి భూమ్మీది నేలలో చాలాభాగం సుమారు 30 మీటర్ల గడులుగా, గడికొక ఎత్తు చొప్పున వచ్చింది. మన లెక్కలో ఒక్కో గడి దాదాపు 22 సెంట్లు. మన కార్టోశాట్-1 కూడా 2005 నుంచి జంట ఫొటోలు తీసి ఇలాంటి ఎత్తుల పట్టికే ఇచ్చింది, దాన్ని హైదరాబాద్ ఎన్నారెస్సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) వాళ్లు తయారుచేశారు.

ఇప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుందంటే, ఒక గడి తీసుకుని దాని చుట్టూ ఉన్న ఎనిమిది గడులు చూస్తుంది, ఎటు వాలు ఎక్కువుంటే నీళ్లు అటే పోతాయి అనుకుంటుంది. తర్వాత గడికీ అంతే, ఆ తర్వాత గడికీ అంతే. ఏ గడిలోకి పైనుంచి ఎన్ని గడుల నీళ్లు వచ్చి పడుతున్నాయో కూడుకుంటూ పోతుంది, అది ఒక హద్దు దాటగానే "ఇక్కడ్నించి వాగు" అని నీలం గీత మొదలుపెడుతుంది. ఆ హద్దు ఎంతన్నది ప్రోగ్రాం నడిపేవాడి ఇష్టం. వంద గడులు చాలనుకుంటే 22 ఎకరాల వాన నీరు చేరిన ప్రతిచోటా వాగు పుడుతుంది, వెయ్యి అనుకుంటే చిన్న వంకలన్నీ మాయమైపోతాయి.

మీ వంక పదడుగుల వెడల్పే అనుకుందాం. దాదాపు వందడుగుల గడిలో అది ఏ మూలనుందో దానికెలా కనబడుతుంది? పైగా ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే, చెట్లుంటే నేల బదులు చెట్ల పైభాగానికి దగ్గరగా కొలత వస్తుంది. మెట్ట ప్రాంతంలో వాలు తక్కువుంటే ఆ కాస్త తేడాకే గీత రెండు చేల అవతలికి పోతుంది. ఇందులో నాకు భలే నవ్వొచ్చే సంగతి ఒకటుంది. చుట్టూ ఎత్తుగా ఉండి నీళ్లు బయటికి పోని గుంట కనబడితే, అది కొలతలో పొరపాటేమోనని కంప్యూటర్ ముందు దాన్ని పూడ్చేసి, ఆ తర్వాతే నీళ్లు పారిస్తుంది. కట్ట వేసి నీళ్లు నిలబెట్టుకున్న మన చెరువులు దాని దృష్టిలో సరిదిద్దాల్సిన తప్పులన్నమాట!

మీ పనికి ఆ మ్యాపుతో సంబంధం లేదు. వంక పోరంబోకు ఎంతవరకో తేల్చేది ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), అడంగల్ (ఊరి భూముల లెక్క). గ్రామ సర్వేయరు దగ్గర మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ నకలు తీసుకుని, కొనేవాళ్లని చేను దగ్గరికే తీసుకెళ్లి హద్దురాళ్లు చూపించండి. ఫోన్ చూసి వెనక్కి పోయిన మనిషికి కాగితం చూపిస్తే మళ్లీ వస్తాడనే అనుకుంటున్నా.

ప్రశ్న: నేను నల్గొండలో డిగ్రీ చదువుతున్నాను. ఎత్తుల డేటా ఇచ్చి జిల్లాలో గుట్టలన్నీ ఆటోమేటిక్‌గా గుర్తించమని ప్రాజెక్టు ఇచ్చారు. గుట్టకూ కొండకూ తేడా కంప్యూటర్‌కు ఎలా చెప్పాలి సార్?

జవాబు: ముందు మీ సార్‌ని అడిగి చూడమ్మా, ఆయనకైనా తెలుసేమో. సరదాకే అన్నాను కానీ అసలు కష్టం అదే. ఆకారం పట్టుకోవడం కంప్యూటర్‌కు తేలికే. జియోమార్ఫాన్ అని 2013లో వచ్చిన పద్ధతి ఉంది, అది చూడు. ఒక గడి దగ్గర నిలబడి ఎనిమిది దిక్కులా చూస్తే, ఒక్కో దిక్కున నేల నీకన్నా ఎత్తా, పల్లమా, సమానమా? ఎనిమిది దిక్కులా పల్లమైతే శిఖరం, ఎనిమిది దిక్కులా ఎత్తయితే గుంట, అన్నీ సమానమైతే చదును. అద్దంలో తిప్పినవీ పక్కకు తిప్పినవీ ఒకటే అనుకుంటే ఇలాంటి అమరికలు మొత్తం 498 వస్తాయి, వాటిని శిఖరం, గట్టు, వాలు, లోయ లాంటి పది రకాలకు కుదిస్తారు. గ్రాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది ఉంది, నీ ప్రాజెక్టుకు సరిపోతుంది.

కానీ ఆ పదింటిలో గుట్ట లేదు, ఉండదు కూడా. ఎంత ఎత్తయితే కొండ అన్నది నేల చెప్పదు, మనుషులు చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 2000 అడుగులు దాటితే పర్వతం అని ఒక వాడుక ఉంది. వేల్స్‌లో మనిద్ గ్రైగ్ గోచ్ అని ఒకటి ఆ గీతకు కాస్త కిందే ఉందనుకునేవాళ్లు, 2008లో మళ్లీ కొలిస్తే 609.75 మీటర్లు తేలింది. 2000 అడుగులంటే 609.6 మీటర్లు. అరడుగు ఎక్కువుందని అది ఒక్కరోజులో పర్వతమైపోయింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో యిండ్జిబార్ండి అనే ఆదివాసుల భాషలోనైతే కొండకూ పర్వతానికీ ఒకటే మాట.

మన దగ్గర కొండ, గుట్ట, తిప్ప, దిబ్బ, మిట్ట, బండ అన్నీ ఉన్నాయి. ఎత్తు ఒక్కటే కాదు, రాయా మన్నా, పైన గుడి ఉందా, ఏ ఊళ్లో అడుగుతున్నాం, ఇవన్నీ కలిస్తేనే మాట వస్తుంది. యాదగిరిగుట్టను కొండ అంటే ఎవరూ తప్పు పట్టరు, పేరు మాత్రం గుట్టే. అందుకని నువ్వు జిల్లాలో పేరు చివర "గుట్ట" ఉన్నవి ఒక ముప్పై ఏరుకుని, వాటి ఎత్తు, వాలు, చుట్టుకొలత తీసి, నీ గుట్ట అంటే ఏమిటో రిపోర్టు మొదటి పేజీలోనే రాసెయ్. నిర్వచనం ముందే పెడితే వైవాలో మార్కులు పోవు.

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర. శాటిలైట్ మ్యాపులో మా చుట్టూ ఎటు చూసినా నీళ్లే. కొల్లేరు తగ్గిపోయిందంటారు, మరి ఈ నీళ్లేంటి?

జవాబు: అవి చేపల చెరువులండి, మీకు తెలియంది కాదు, మ్యాపుకే తెలియదు. ఫొటోలో నీళ్లను గుర్తుపట్టే పద్ధతి చాలా సాదాది. నీరు ఆకుపచ్చ వెలుగును కాస్తయినా తిరగ్గొడుతుంది, కంటికి కనబడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను దాదాపు మింగేస్తుంది. రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె సున్నా దాటితే నీరు అంటారు. 1996 నుంచి ఈ లెక్క వాడుకలో ఉంది. దానికి సరస్సు, చేపల చెరువు, వాన పడ్డ వరిచేను అన్నీ నీళ్లే. ఇక కొల్లేట్లో నిజంగా నీళ్లున్న చోట గుర్రపుడెక్క కప్పేసి ఉంటుంది చూడండి, ఆకు నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ను గట్టిగా తిరగ్గొడుతుంది కాబట్టి ఆ చోటును మాత్రం పచ్చటి పొలంగా చూపిస్తుంది. చెరువును సరస్సనీ సరస్సును చేననీ చెప్పడమంటే ఇదే.

చెరువులను విడదీయొచ్చు, గట్లు తిన్నగా, మూలలు చతురస్రంగా ఉంటాయి, ఆకారంతో పట్టొచ్చు. వానాకాలంలో మబ్బు అడ్డమొస్తే సెంటినెల్-1 లాంటి రాడార్ శాటిలైట్లు చూస్తాయి, కదలని నీళ్లు వాటికి నల్లగా కనిపిస్తాయి. అయినా కొల్లేరు ఎక్కడిదాకా అన్నది నీటి ఫొటోతో తేలేది కాదు. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దు పెట్టింది ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపల 308 చదరపు కిలోమీటర్లు. అది కాగితం మీద సరస్సు. మే నెలలో కనబడేది ఒక సరస్సు, బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు కనబడేది ఇంకో సరస్సు. ఏది అసలు కొల్లేరు అని లంక గ్రామాల్లో అడిగితే మీకు నాలుగో సమాధానం వస్తుంది.

ప్రశ్న: విజయనగరం జిల్లాలో మా ఊరి గెడ్డకు మ్యాపులో పేరే లేదు. మేం చేర్చొచ్చా?

జవాబు: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా చేర్చొచ్చు, ఖాతా ఒక్కటి తెరిస్తే చాలు. అక్కడ గెడ్డ, వంక, వాగు అని వేరువేరుగా ఉండవు, మూడింటికీ స్ట్రీమ్ అనే ఒకటే రకం, కాబట్టి తేడా అంతా మీరు రాసే పేరులోనే మిగలాలి. "గెడ్డ" తీసేసి ఇంగ్లీషులో రివర్ అని పెట్టకండి. ఏడాదిలో కొన్ని నెలలే పారితే ఇంటర్మిటెంట్ అని ఒక గుర్తు ఉంది, అది తప్పక పెట్టండి, లేకపోతే ఎండాకాలం కూడా నీళ్లున్నట్టే కనబడుతుంది. వేరే మ్యాపుల్లోంచి పేర్లు కాపీ కొట్టకూడదు. గొర్రెలు కాసేవాళ్లనో పెద్దవాళ్లనో ఇద్దరు ముగ్గురిని అడిగి రాయండి, తెలుగు పేరుకు వేరే గడి ఉంటుంది. అవతలి గట్టు ఊరివాళ్లు ఇంకో పేరుతో పిలుస్తుంటే దానికీ ఒక గడి ఉంది, అదీ నింపండి.